టోపీ తీయని కొండ

కర్సినాకు కొండ అంటే గుడ్డ మీద వేసిన కొండే. దియెంగ్ బజారులో ఆమె ఫొటో స్టూడియో గోడకు వేలాడే తెర మీద సిందోరో కొండ నీలంగా, నున్నగా, ఏడాది పొడుగునా ఎండలో మెరుస్తూ ఉంటుంది. దాని ముందు పెళ్ళికొడుకులు మెడలు బిగించారు, పసిపిల్లలు గుక్కపెట్టి ఏడ్చారు, పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే కుర్రాళ్ళు మీసాలు లేని మూతుల్ని మెలిపెట్టుకున్నారు. "గడ్డం పైకి. కదలకండి. అయిపోయింది, లేవండి." ఒక్కసారే నొక్కుతుంది. రెండోసారి నొక్కడం తన పనితనానికి అవమానమని ఆమె లెక్క.

నిజం సిందోరో కూడా దూరమేం కాదు. ఆమె ఉండే సెంబుంగన్ ఊరి పక్కనే సికునిర్ గుట్ట ఉంది. తెల్లవారుజామున అదెక్కితే సిందోరో ఎదురుగా నిలబడుతుంది. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడి వాళ్ళో పడుతూ లేస్తూ వస్తారు. కర్సినా మాత్రం పొద్దెక్కేదాకా దుప్పటి వదలదు. పొద్దెక్కాక కొండ మబ్బు టోపీ పెట్టేసుకుంటుంది. అందుకని నలభై దాటినా ఇద్దరికీ సరైన ముఖపరిచయం లేదు.

అలాంటి మనిషి కాళ్ళకు బలపం కట్టుకుని గుట్టలెక్కి దిగే గతి పట్టిందంటే, అది అచ్చంగా ఆమె అతితెలివి వల్లే.

తమ్ముడు వాగిమిన్‌కు సెకార్ అని ఆరేళ్ళ కూతురు. రెండేళ్ళప్పుడు పిల్లకు పెద్ద జ్వరం వచ్చి, తగ్గేసరికి జుట్టంతా జడలు కట్టింది. దియెంగ్‌లో కొందరు పిల్లలకు అలా వస్తుంది. ఆ జడల్ని ఊరికే కత్తిరించకూడదు. పిల్ల నోటితో ఒక కోరిక చెప్పాలి, పెద్దలు దాన్ని చెప్పింది చెప్పినట్టు తీర్చాలి, ఆ తర్వాతే కత్తెర. బేరాల్లేవు. తీర్చకుండా కోస్తే జ్వరమూ తిరిగొస్తుంది, జడలూ తిరిగొస్తాయి. కిందింటి పిల్లవాడు బాతుగుడ్లు అడిగితే వాళ్ళ నాన్న వీధిలో గంతులేశాడు. వెనక వీధి పిల్ల ఆవు కావాలంది, అదీ నుదుట చుక్క ఉన్న ఆవు. ఆ తండ్రి ఇంకా తేరుకోలేదు.

"నా కూతురు ఏ మోటారు సైకిలో అడిగితే నేనేమైపోవాలక్కా?" అని వాగిమిన్ బంగాళాదుంప మళ్ళ గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"నేనున్నాగా, నువ్వు నోరు మూసుకుని దుంపలు చూసుకో" అంది కర్సినా.

పిల్లను స్టూడియోకు తీసుకెళ్ళి, తెర ముందు కూర్చోబెట్టి, వేడివేడి అరటికాయ బజ్జీలు తినిపిస్తూ చెవిలో పోరింది. ఫొటో ఎంత బాగుంటుందో, ఫొటో అడిగిన పిల్లలు ఎంత బుద్ధిమంతులో, ముఖ్యంగా కొండ ఫొటో అయితే ఇంక చెప్పక్కర్లేదనీ. సెకార్ బజ్జీలన్నీ తిని, తెరకేసి చూసి, "సరే బుదే" అంది. మేనత్తను ఆ పిల్ల బుదే అనే పిలుస్తుంది. కర్సినా ఇంటికొచ్చి తమ్ముడికి కన్ను గీటింది. ఒక్క నొక్కుడుతో గండం గడిచినట్టే అనుకుంది.

కోరిక అడగడానికి ఊరి పెద్ద పాక్ జుమెనో వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఇలాంటివి ఆయనే జరిపిస్తాడు. పిల్లను మూడుసార్లు అడగాలి, మూడుసార్లూ ఒకే మాట రావాలి.

"ఏం కావాలి తల్లీ?"

"ఫొటో కావాలి."

కర్సినా ముఖం వెలిగిపోయింది.

"సిందోరో టోపీ తీసేసిన ఫొటో," అని సెకార్ ఇంకా చెబుతూనే ఉంది. "దాని ముందు ఎంబా నిలబడి నవ్వాలి. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా."

అందరూ ఒక్కసారిగా పొయ్యి పక్కకు తిరిగారు. అక్కడ ఎంబా కసిరా, పిల్లకు నాయనమ్మ, కర్సినాకు కన్నతల్లి, ఊరందరికీ అవ్వ, వింటూ వింటూ నవ్వబోయి అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు పళ్ళు ఊడినప్పటి నుంచి ఆమె చెయ్యి లేకుండా నవ్విన పాపాన పోలేదు. నవ్వడం మాత్రం మానలేదు. కోడి తుమ్మినా నవ్వుతుంది. కానీ నవ్వు బయల్దేరేలోపు చెయ్యి నోటి దగ్గర కాపలాకు చేరిపోతుంది.

"స్టూడియోలో కొండ ఉందిగా బంగారూ, నున్నగా, టోపీ లేకుండా..." అని కర్సినా గొంతు సవరించుకుంది.

"గుడ్డ కొండ వద్దు. అదీ" అని సెకార్ కిటికీలోంచి వేలు చూపించింది. అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు.

పాక్ జుమెనో ఇంకో రెండుసార్లు అడిగాడు. పొల్లు పోకుండా అదే మాట వచ్చింది. "మంచిరోజు చూశాను, వచ్చే క్లివోన్ శుక్రవారం కత్తిరింపు. నమాజు అయ్యాక వస్తాను, ఫొటో సిద్ధంగా ఉంచండి. తప్పిందా, మళ్ళీ ఏడాది ఆగాల్సిందే" అని టీ తాగి వెళ్ళిపోయాడు. ఏడాదంటే, జడలున్నన్నాళ్ళూ నెలకోసారి ఒళ్ళు కాల్చేసే జ్వరాలతో ఏడాది. వాగిమిన్ అక్కకేసి ఒక చూపు చూశాడు. ఆవు అడిగినా బాగుండేదన్నది ఆ చూపు.

కర్సినా మొదట దొడ్డిదారి తొక్కింది. ఎవరో తీసిన సిందోరో ఫొటో సంపాదించి, గుర్తింపు కార్డు కోసం ఎప్పుడో తీసిన తల్లి ముఖాన్ని కంప్యూటరులో దాని ముందు అతికించింది. ఆ ముఖంలో నవ్వు లేదు కాబట్టి మూతిని రెండు పక్కలా లాగింది. చూస్తే పీక పిసికేటప్పుడు తీసినట్టు వచ్చింది. సెకార్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈవిడెవరు?" అంది. ఆ సాయంత్రమే పిల్ల నుదురు వెచ్చబడింది. కర్సినా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. ఫొటో అనే మాట ఆ పిల్ల నోట్లో పెట్టింది తనే. ఇక తప్పదు, ఎక్కాలి.

మొదటి రోజు చీకటితోనే లేచి, ఉన్న స్వెట్టర్లన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగి, తల్లిని లేపింది. వాగిమిన్ అమ్మను వీపున కట్టుకుని మోస్తానన్నాడు.

"నేనేమన్నా దుంపల మూటనా?" అని ఎంబా గయ్యిమంది. "మీ ఇద్దర్నీ కడుపులో పెట్టుకుని ఈ గుట్ట మీద కట్టెలు కొట్టినదాన్ని. తప్పుకో."

తప్పుకున్నాడు. ఆమె కర్ర పొడుచుకుంటూ బయల్దేరింది. మలుపు మలుపుకూ ఆగి, ఆయాసం తీర్చుకుంటూ, ఆ ఆయాసంలోనే కూతుర్ని తిట్టుకుంటూ ఎక్కింది. వెనకాల కర్సినాకు తిట్లు పడే ఓపిక కూడా లేదు. నాలుక బయటపెట్టి, చెట్టు చెట్టునూ కౌగిలించుకుంటూ పైకి చేరింది. పైన పాలు కాచి పోసినట్టు మంచు కమ్మేసి ఉంది.

"అమ్మా, ఎక్కడున్నావే?"

"కొండ ముందు నిలబడమన్నావుగా, నిలబడ్డాను. కొండ ఏదీ?"

"ఆ పక్కనే ఉండాలి."

"ఆ పక్కన ఎవరో మగాడున్నాడే. నన్ను చూసి భయపడుతున్నాడు."

ఆ మగాడు బండుంగ్ నుంచి వచ్చిన గడ్డం మనిషి. ముక్కాలి పీట మీద ఫిరంగి అంత కెమెరా పెట్టుకుని, మంచుకేసి ధ్యానంగా చూస్తున్నాడు. ఇలా ఎన్నాళ్ళు చూస్తారని కర్సినా అడిగింది.

"ఐదేళ్ళుగా వస్తున్నానండి. టోపీ లేకుండా రెండుసార్లు దొరికింది."

"ఐదేళ్ళా! అప్పటికి మా పిల్ల జడలు నేల ఊడుస్తాయి. మరి దొరకని రోజు ఏం చేస్తారు?"

"వస్తాను. నిలబడతాను. దిగిపోతాను."

"దాన్నే పని అంటారా?"

"దిగిపోయాక మళ్ళీ ఎక్కడం ఉంది చూడండి, దాన్ని పని అంటారు" అని ఆయన నవ్వాడు. కర్సినాకు ఒళ్ళు మండింది. తిని కూర్చున్నవాళ్ళ కబుర్లు అనుకుంది.

మర్నాడు మళ్ళీ ఎక్కారు. వాన పడింది. ఆ మర్నాడు ఎక్కారు. సిందోరో నడుము దాకా కనబడింది, తల మాత్రం మబ్బులో దూర్చుకుంది. ఇంకో రోజు అంతా బాగుంది కానీ లెన్సు లోపల చెమ్మ పట్టి కొండ కాస్తా ఉడికిన దుంపలా వచ్చింది. కాళ్ళు వాచిపోయాయి. ముక్కు జలపాతమైంది. స్టూడియోకు వచ్చినవాళ్ళు తాళం చూసి తిట్టుకుంటూ వెళ్ళారు. అయినా ఏ పూటకాపూట "రేపు" అనుకోవడం ఆమెకే వింతగా ఉంది.

ఇంకో చిక్కు ఎంబాది. ఎంబా గుట్టకు మరిగింది. పులియబెట్టిన సోయాగింజల టెంపే బజ్జీలు మూటగట్టి తెచ్చి, చలికి గడగడలాడే కుర్రాళ్ళకు పంచుతూ, వాళ్ళ పెళ్ళి సంగతులన్నీ ఆరా తీసేది. కుర్రాళ్ళు నవ్వించేవాళ్ళు. ఆమె నవ్వేది, చెయ్యి అడ్డం పడేది. తల్లి చేతులు ఖాళీ లేకుండా కర్సినా ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో బజ్జీల పళ్ళెం పెట్టింది. ఎంబా శాలువా భుజాన్ని మూతి దాకా ఎత్తింది. కూతురు శాలువా లాగేసింది. ఎంబా వెనక్కి తిరిగి నవ్వింది.

"ఎందుకమ్మా ఆ సిగ్గు? నీ నోరు చూడనిదెవరు?"

"నా నోట్లో ఏముందని చూడడానికి? ఖాళీ గది."

ఇంట్లో వాగిమిన్‌ది మరో గోల. మబ్బు లేని తెల్లవారుజామునే మంచు గడ్డకట్టి దుంప మొక్కల్ని మాడ్చేస్తుంది. అందుకని అతను ఆకాశం మూసుకోవాలని మొక్కుతున్నాడు. అక్క తెరుచుకోవాలని మొక్కుతోంది. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే చాప మీద. "ముందు మీరిద్దరూ ఒక మాట మీదకు రండి, పైవాడికి పిచ్చెక్కుతుంది" అని ఎంబా కసిరింది.

శుక్రవారం ఇక దగ్గరపడిందనగా, ఒక పొద్దున గుట్ట మీదకు చేరేసరికి సిందోరో ఉంది.

ఉందంటే మామూలుగా లేదు. అడుగు నుంచి కొస దాకా, ఒంటి మీద నూలుపోగు మబ్బు లేకుండా, ఊదారంగు ఆకాశం ముందు తాపీగా కూర్చుని ఉంది. కొస మీద మొదటి ఎండ తగిలి ఎర్రబడింది. ఆ ఎరుపు మెల్లగా భుజాల మీదుగా జారుతోంది. కర్సినాకు మతి పోయింది. ఇన్నేళ్ళూ తన తెర మీద ఉన్నది దీని బొమ్మేనా? ఎవడు వేశాడు దాన్ని, వాడికి కళ్ళున్నాయా? "అయ్యో, అయ్యయ్యో" అంటూ జనాన్ని మోచేతుల్తో తోసుకుని గుట్ట అంచున ఉన్న కటకటాల దాకా పరిగెత్తి, నొక్కింది. మళ్ళీ నొక్కింది. నిలువుగా నొక్కింది, అడ్డంగా నొక్కింది, మోకాళ్ళ మీద కూలబడి నొక్కింది, నొక్కుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. జీవితంలో ఎప్పుడూ రెండోసారి నొక్కని వేలు ఆగమంటే ఆగలేదు. ఒళ్ళంతా తేలిపోతూ, గుట్ట మీంచి ఎగిరిపోతానేమో అన్నంత సంబరంలో ఉండగా వెనకనుంచి గడ్డం మనిషి గొంతు వినబడింది.

"మీ అమ్మగారి నవ్వు భలే ఉందండీ!"

కర్సినా గిరుక్కున తిరిగింది. ఎంబా నడుం మీద ఒక చెయ్యి, కర్ర మీద ఒక చెయ్యి వేసుకుని, కూతురి పిచ్చి గంతులు చూసి నోరంతా తెరిచి పగలబడి నవ్వుతోంది. నవ్వు చివరికొచ్చేసింది. కర్సినా కెమెరా ఎత్తేసరికి చెయ్యి లేచి నోటి మీదకు వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే సిందోరో టోపీ పెట్టేసుకుంది.

కెమెరా నిండా కొండే. తల్లి ఒక్కదాంట్లోనూ లేదు.

"నన్ను మర్చిపోయావు కదే" అంది ఎంబా. ఆమెకు కోపం లేదు. తన ఫొటో కన్నా కూతురి గంతులే ఆమెకు బాగున్నట్టున్నాయి. కర్సినా మాత్రం తడిగడ్డిలో చతికిలబడి, ఈసారి ఒట్టి ఏడుపే ఏడ్చింది. ఇంటికెళ్తే సెకార్ నుదురు కాలిపోతోంది. కొండ ఫొటోలు చూపిస్తే పిల్ల ఒక్కొక్కటే చూసి, "ఎంబా ఏదీ?" అంది.

ఆ తర్వాత రోజులన్నీ మబ్బే.

క్లివోన్ శుక్రవారం రానే వచ్చింది. తలుపు తెరిస్తే గడ్డి తెల్లగా, గాజుపొడి చల్లినట్టు మెరుస్తోంది. వాగిమిన్ లాంతరు పట్టుకుని దుంప మళ్ళలోకి పరిగెత్తాడు. తన మొక్కే గెలిచిందని కర్సినా లోపల పొంగింది, వెంటనే తమ్ముడి ముఖం తల్చుకుని సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే తల్లితో గుట్ట ఎక్కింది.

పైన ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. నాలుగు దిక్కులా ఒక్క మబ్బు లేదు, ఒక్క సిందోరో నెత్తిన తప్ప. అక్కడ మాత్రం తెల్లటి గుండ్రటి టోపీ, కొలత తీసి కుట్టించినట్టు కూర్చుంది. పొద్దు పొడిచింది. ఎరుపు పోయి పసుపు వచ్చింది. పసుపు పోయి మామూలు పగలైంది. టోపీ కదల్లేదు. కుర్రాళ్ళు టీ గ్లాసులు సర్దుకున్నారు. గడ్డం మనిషి కూడా పీట మడిచాడు.

"పదమ్మా, దిగుదాం" అంది కర్సినా. "నా వల్ల కాలేదు. అందరి దగ్గరా అతితెలివికి పోయాను, పిల్ల దగ్గర కూడా పోయాను."

"నువ్వు దిగు. నేను రాను."

"అయిపోయిందే అమ్మా. ఎండొచ్చాక టోపీ పెరుగుతుందే గానీ తరగదు."

"ఇన్నాళ్ళూ మోకాళ్ళు అరగదీసుకుని ఎక్కింది నీకోసమా? ఆ కొండాయన మొహం నాకు చూపించకుండా ఎలా పోతాడో నేనూ చూస్తా." ఎంబా కర్ర పొడుచుకుంటూ కటకటాల దగ్గరకు పోయి సిందోరోకు ఎదురుగా నిలబడింది. "ఏం తాతా! నీక్కూడా పళ్ళూడాయా? ఎందుకా ముసుగు?"

కుర్రాళ్ళు ఆగిపోయారు.

"నాకంటే ఎంత పెద్దవాడివి! ఇంత ఒళ్ళు పెట్టుకుని మూతి దాచుకుంటున్నావే, సిగ్గులేదూ? చూడు, ఒప్పందం చేసుకుందాం. ముసలిదాన్ని, ఆడదాన్ని, నేనే ముందు తీస్తా. తర్వాత నువ్వు తియ్యకపోతే మాత్రం మర్యాద దక్కదు." అని రెండు చేతులూ కర్ర మీద గట్టిగా వేసి, కొండ ముఖాన "హ్హా, హ్హా, హ్హా" అని నవ్వింది. అది ఉత్త దొంగ నవ్వు. మేకకు పొలమారినట్టుంది. దాన్ని విని కుర్రాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. వాళ్ళను విని ఎంబాకు అసలు నవ్వు తన్నుకొచ్చింది.

"అమ్మా, ఇటు తిరుగే!" అని కర్సినా అరిచింది. తల్లి వీపు మాత్రమే కనబడుతోంది.

"ఆయనతో మాట్లాడుతుంటే నీవైపు ఎందుకు తిరుగుతాను? ఊఁ, తాతా, నేను తీశాను! నీ వంతు!"

ఒప్పందం కొండకు నచ్చిందో, లేక కింద నుంచి గాలి తిరిగిందో. టోపీ ఒక పక్కకు ఒరిగింది. ఒరిగి, సాగి, తోకలా సన్నబడి, జారి, సిందోరో భుజం మీంచి అవతలికి పడిపోయింది. బోడి కొస ఎండలో నిగనిగలాడింది. ఎంబా గిరుక్కున కూతురివైపు తిరిగింది.

"చూశావుటే!"

కర్ర గాల్లో ఉంది. నోరు బార్లా తెరిచి ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకోవాలన్న సంగతే ఆమెకు గుర్తు లేదు. కర్సినా నొక్కింది. కళ్ళనిండా నీళ్ళతో, చాలు చాలని కుర్రాళ్ళు అరిచేదాకా నొక్కుతూనే ఉంది. తర్వాత గడ్డం మనిషి గబగబా పీట విప్పుకుంటుంటే, "విప్పండి, విప్పండి, ఇంకా ఉంటాడు, నేను చెప్పాగా!" అని ఎంబా ఆయన వీపు చరిచింది.

ఇద్దరూ గుట్ట దిగలేదు, దొర్లారు. స్టూడియో తాళం తీసి, ఫొటో ముద్రించి, ఇంకా తడి ఆరకుండానే ఇంటికి చేరేసరికి నమాజు ముగించుకుని పాక్ జుమెనో వచ్చేశాడు. వాకిలంతా జనం. వాగిమిన్ చేతులకు మట్టి అలాగే ఉంది.

"దుంపలు?" అంది కర్సినా భయంభయంగా.

"పై మడి మాడిపోయింది. కింద మళ్ళు బతికాయి." అతను ఫొటో చూశాడు. చాలాసేపు చూశాడు. "పోనీలే అక్కా. ఆవు కన్నా తక్కువే."

తెల్లబట్ట కప్పుకుని చాప మీద కూర్చున్న సెకార్ ఫొటోను రెండు చేతుల్తో పట్టుకుంది. ముక్కు ఆనించి మరీ పరీక్షించింది. "టోపీ లేదు" అంది. కాసేపాగి, "చెయ్యి లేదు" అంది. ఇంకాసేపాగి, "ఊఁ" అంది. వాకిట్లో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. పాక్ జుమెనో మంత్రం చెప్పి కత్తెర వేశాడు.

ఒక్కో జడా మట్టిమూకుట్లో పడింది. ఆఖరిది పడేసరికి పిల్లకు తల మీద ఏమీ మిగల్లేదు. గుండ్రంగా, తెల్లగా, చలికి వణుకుతూ ఒక చిన్న బోడిగుండు. గోడ పక్కనున్న పిల్లలు కిచకిచమన్నారు. "గుడ్డు! గుడ్డు!" అని ఒకడు వేలు చూపించాడు.

సెకార్ చెయ్యి సగం దాకా లేచింది. ఆగింది. కిందికి దిగి ఫొటోను పట్టుకుంది. పిల్ల లేచి నిలబడి, ఆ ఫొటోను అందరికీ కనబడేలా ఎత్తింది.

"చూడండి. దీనికి టోపీ లేదు. ఎంబాకు పళ్ళు లేవు. నాకు జుట్టు లేదు. మేం ముగ్గురం" అని వేళ్ళతో లెక్కపెట్టి చూపించింది.

గోడ పక్క కిచకిచలు ఆగిపోయాయి. కర్సినాకు అప్పుడు అర్థమైంది. ఫొటో అన్న ఒక్క మాటే తను నేర్పింది. మిగతాదంతా ఈ పిల్ల తన భయంలోంచి తనే తయారు చేసుకుంది. ఇందరి ముందు బోడిగుండుతో నిలబడాల్సిన రోజు కోసం, తనకన్నా ముందు నిలబడే ఇద్దరిని వెతుక్కుంది.

"ఇదా నీ ఆలోచన? ఇన్నాళ్ళూ చెప్పలేదేమే తల్లీ?" అని చాప మీద కూలబడి పిల్లను దగ్గరకు లాక్కుంది.

"ఏం కావాలని అడిగారు బుదే. ఎందుకని ఎవరూ అడగలేదు" అంది సెకార్.

పాక్ జుమెనో కత్తెర తుడుచుకుంటూ తల వంచుకున్నాడు. పొయ్యి పక్కన ఎంబా నవ్వింది. ఆమె రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.